మౌంటెన్ బైక్ గేర్లు సరిగా పడనప్పుడు లోపాన్ని గుర్తించడం ఎలా?

గేర్లు మొరాయించగానే చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదకు జరిపే భాగం) మీదున్న రెండు చిన్న స్క్రూలను తిప్పడం మొదలుపెడతారు. ఉన్న లోపం తీరకపోగా కొత్త లోపం వచ్చి చేరేది సాధారణంగా ఇక్కడే. హెచ్, ఎల్ అనే అక్షరాలతో గుర్తించిన ఆ స్క్రూలు చైన్ ఇరువైపులా ఎంతవరకు వెళ్లవచ్చో హద్దు పెడతాయే తప్ప, మధ్యలో ఉన్న గేర్లతో వాటికి సంబంధం లేదు. ఒకసారి సరిగ్గా అమర్చిన తరువాత అవి వాటంతట అవే కదలడం కూడా అరుదు. చివరి గేరు దాటి చైన్ స్పోకుల్లోకి గాని ఫ్రేమ్ వైపుకు గాని పడిపోతున్నప్పుడు, లేదా కేబుల్ సరిగ్గానే ఉన్నా చైన్ చివరి గేరు దాకా చేరలేకపోతున్నప్పుడు మాత్రమే వాటి జోలికి వెళ్లాలి. నిన్నటిదాకా చక్కగా పడిన గేర్లు ఇవాళ పడడం లేదంటే, మారినది మరేదో అయి ఉంటుంది.

వెనక చక్రం నేలకు తగలకుండా సైకిల్‌ను సీటు దగ్గర కట్టి వేలాడదీయండి. ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, రెండో చేత్తో ఒక్కొక్క గేరే మార్చుతూ, అది ఏ దిశలో తడబడుతోందో గమనించండి. రోగ నిర్ధారణలో సగం ఈ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతుంది. ఎందుకంటే పెద్ద పళ్లచక్రం వైపు చైన్‌ను ఎక్కించేది మీ బొటనవేలి బలంతో లాగబడే కేబుల్. చిన్న పళ్లచక్రం వైపు దించేది డిరైలర్‌లోని స్ప్రింగు. ఎక్కడం ఆలస్యమవుతూ దిగడం చురుగ్గా ఉంటే కేబుల్ వదులైనట్టు. అప్పుడు బ్యారెల్ అడ్జస్టర్‌ను (కేబుల్ బిగువును మార్చే, చేత్తో తిప్పే చిన్న మరను) బయటకు వచ్చే దిశలో పావు చుట్టు తిప్పి, మళ్లీ గేరు మార్చి చూసి, అవసరమైతే మరో పావు చుట్టు తిప్పాలి. కొత్త కేబుల్ వేసిన తొలి వారాల్లో ఇలా కావడం సహజమే. తీగ సాగిందని అందరూ అంటారు గాని, ఎక్కువగా జరిగేది బయటి తొడుగు చివరలు వాటి స్థానాల్లో కుదురుకోవడం.

దిగడం ఆలస్యమైతే విషయం అంత సులువు కాదు. కేబుల్ మరీ బిగువుగా ఉందేమోనని అడ్జస్టర్‌ను లోపలికి పావు చుట్టు తిప్పి చూడవచ్చు. దిగడం బాగుపడి, వెంటనే ఎక్కడం చెడిపోతే మాత్రం అడ్జస్టర్‌ను వదిలేయండి. అది కేబుల్ తొడుగు లోపలి రాపిడి. చేతి బలం ఆ రాపిడిని దాటుకుని లాగేస్తుంది గాని, స్ప్రింగుకు అంత శక్తి ఉండదు.

నా సైకిల్ విషయంలో ఈ తేడా తెలియక దాదాపు నెల రోజులు అడ్జస్టర్‌ను అటూ ఇటూ తిప్పుతూ గడిపాను. చివరికి డిరైలర్‌లోకి వంగి వెళ్లే చివరి జానెడు తొడుగును విప్పి తీగను బయటకు లాగితే, దాని మీద తుప్పు కలిసిన బురద ముద్దగా అంటుకుని వచ్చింది. గోటితో గీస్తే తీగ మీద గరుకు తెలిసింది. నీళ్లు, మట్టి దిగి నిలిచేది ఎక్కువగా ఈ చివరి వంపులోనే కాబట్టి, వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టండి. చైన్‌ను అతి పెద్ద పళ్లచక్రం మీదకు తెచ్చి, పెడల్ ఆపి, చక్రం తిరగకుండానే షిఫ్టర్‌ను (హ్యాండిల్ మీద గేరు మార్చే మీటను) చివరి చిన్న గేరు దాకా నొక్కితే కేబుల్ వదులైపోతుంది. అప్పుడు ఫ్రేమ్ మీది పట్టుల నుంచి తొడుగు ముక్కలను బయటకు తీసి, ఒక్కొక్కటినీ తీగ మీద ముందుకూ వెనక్కూ జరిపి చూడవచ్చు. కేబుల్ ఫ్రేమ్ లోపలి నుంచి వెళ్లే సైకిల్ అయితే డిరైలర్ దగ్గరి బోల్టు వదులు చేసి, తీగ చివరను చేత్తో పట్టుకుని, షిఫ్టర్ నొక్కుతూ ఆడించాలి. ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే తీగనూ తొడుగునూ కలిపి మార్చడమే మంచిది, నూనె పోయడం కొద్ది రోజుల ఉపశమనమే. షిఫ్టర్ లోపల తీగ పోగులు తెగడం మొదలైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి, అక్కడ కూడా తప్పక చూడండి.

కొన్ని గేర్లలో బాగుండి, మరికొన్నింటిలో చైన్ గరగరలాడుతూ, ఒక చివర సరిచేస్తే మరో చివర చెడిపోతూ ఉంటే డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్‌ను అనుమానించాలి. దెబ్బ తగిలితే ఫ్రేమ్‌కు బదులు తాను వంగిపోయేలా దాన్ని చాలా సైకిళ్లలో మెత్తని అల్యూమినియంతో చేస్తారు. సైకిల్ కుడివైపుకు ఒక్కసారి పడినా చాలు. వెనక నుంచి కంటి ఎత్తులో చూస్తే డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ వాటి పైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. 12 గేర్ల క్యాసెట్‌లో (వెనక చక్రానికి ఉండే పళ్లచక్రాల గుత్తిలో) పక్కపక్క చక్రాల మధ్య దూరం 4 మిల్లీమీటర్ల లోపే కాబట్టి, కంటికి అందని వంపు కూడా గేర్లను చెడగొట్టగలదు. అందువల్ల అనుమానం తీరకపోతే హ్యాంగర్ కొలిచే పనిముట్టుతోనే పరీక్షించాలి.

వేలాడదీసినప్పుడు అన్నీ సవ్యంగా ఉండి, ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కినప్పుడే చైన్ జారుతోందంటే అది సాధారణంగా అరుగుదల. కొత్త చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి దాని తరువాతి 24వ పిన్ను మధ్యకు 304.8 మి.మీ. ఉంటుంది. 11, 12 గేర్ల చైన్ అరిగి, ఆ పొడవు 0.5 శాతం పెరిగి సుమారు 306.3 మి.మీ.కు చేరితే మార్చేయాలి. 9, 10 గేర్ల చైన్‌కు 0.75 శాతం దాకా, అంటే సుమారు 307.1 మి.మీ. దాకా ఆగవచ్చు. కొత్త చైన్ వేశాక మీరు ఎక్కువగా వాడే ఒకటి రెండు గేర్లలోనే జారుతుంటే, పాత చైన్ ఆ పళ్లను అప్పటికే తినేసిందన్నమాట. అప్పుడు క్యాసెట్ కూడా మార్చక తప్పదు.

గేరు ఏదైనా సరే, చైన్ ఒక పూర్తి చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకే చప్పుడుతో ఎగిరిపడుతుంటే ఒక లింకు బిగుసుకుపోయినట్టు. పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ డిరైలర్ చక్రాల దగ్గర చూస్తే, ఆ లింకు వంపు తిరగలేక పైకి లేస్తూ కనిపిస్తుంది. దానికి ఇరువైపులా చైన్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు మెల్లగా ఆడించి ఒక చుక్క నూనె వేస్తే చాలాసార్లు వదులవుతుంది. వదలకపోతే, ఆ లింకు పిన్ను సగం బయటకు వచ్చి ఉందేమో చూడకుండా ఆ సైకిల్‌ను కొండ దారికి తీసుకెళ్లకండి.