డైనో షీటు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: రెండు ఇంజిన్లు, రెండు గీతలు

పోయిన మూడు పాఠాల్లో డైనో (బండి చక్రంతో బరువైన డ్రమ్మును తిప్పించి పవర్ కొలిచే యంత్రం) డ్రమ్ము మీద బండిని ఎలా కడతారో, హెచ్‌పీ (హార్స్‌పవర్) గీత, టార్క్ (తిప్పే బలం) గీత ఎలా పుడతాయో, గాలి-పెట్రోలు పాళ్ల గీత ఏం చెబుతుందో చూశాం. ఈరోజు అసలు పని: రెండు ఇంజిన్ల షీట్లు పక్కపక్కన పెట్టి మనకు ఏది పనికొస్తుందో తేల్చడం.

మన బండి ఎప్పటిలాగే యమహా బాన్షీ. కొత్తగా చేరినవాళ్లకు ఒక్క మాట. ఇది అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మిన ఏటీవీ, అంటే ఇసుకలో, మట్టిలో నడిపే నాలుగు చక్రాల బండి. టూ-స్ట్రోక్, రెండు సిలిండర్లు, 347 సీసీ, బోర్ 64 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 54. మన దగ్గర రాజ్‌దూత్ 350 ఇంజిన్ విప్పిన మెకానిక్కులకు ఈ రెండు అంకెలు వినగానే చెయ్యి ఆగుతుంది, ఎందుకంటే దాని కొలతలూ ఇవే. అది గాలికి చల్లారే ఇంజిన్, ఇది నీళ్లతో చల్లారేది, వంశం మాత్రం ఒకటే. రాజ్‌దూత్‌లోనే హెచ్‌టీ (హై టార్క్) మోడల్‌కు 30.5 హార్స్‌పవర్, ఎల్‌టీ (లో టార్క్) మోడల్‌కు 27 అని కంపెనీ చెప్పేది గుర్తుందా? ఒకే కొలతల ఇంజిన్, అయినా పవర్ వేరు. పైగా కంపెనీ కాగితంలో రాసేది క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) దగ్గరి పవర్, డ్రమ్ము చెప్పేది చైనూ టైరూ తినగా చక్రం దగ్గర మిగిలింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఇప్పటికీ చాలామంది కనిపిస్తారు, దయచేసి మీరు ఆ పని చేయకండి.

షీటు చేతికి రాగానే కళ్లు పైన ఉన్న పెద్ద అంకె మీదికి పోతాయి. కాసేపు దాన్ని వేలితో మూసేయండి, ముందు మూలల్లో చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. అక్కడ ఎస్ఏఈ అనో ఎస్‌టీడీ అనో ఉంటుంది. ఆ రోజు గాలి ఎంత వేడిగా ఉంది, పీడనం ఎంత ఉంది అన్నదాన్ని బట్టి పవర్‌ను ఒక ప్రామాణిక వాతావరణానికి మార్చే లెక్క ఇది. ఎస్ఏఈ 25 డిగ్రీల దగ్గర లెక్క కడుతుంది, ఎస్‌టీడీ అంతకంటే చల్లటి, చిక్కటి గాలి దగ్గర. అందుకే అదే రన్‌ను (డ్రమ్ము మీద ఒక లాగుడును) ఎస్‌టీడీలో చూస్తే సుమారు నాలుగు శాతం ఎక్కువ వస్తుంది. ఎస్ఏఈలో 70 అయిన బండి ఎస్‌టీడీలో 73కి కాస్త అటూ ఇటూ. ఒకరి షీటు ఇందులో, ఇంకొకరిది అందులో ఉంటే ఆ మూడు హెచ్‌పీ కోసం కొట్టుకోవడం దండగ, రెండూ ఒకే లెక్కలోకి మార్చి ఇమ్మని అడగండి. రన్ ఫైలు ఉంటే అది ఒక్క నొక్కుడు పని.

దాని పక్కనే కరెక్షన్ ఫ్యాక్టర్, అంటే ఆ మార్పు కోసం కొలిచిన పవర్‌ను హెచ్చవేసే అంకె, ఉంటుంది. సముద్ర మట్టానికి దగ్గరలో ఇది 1కి అటూ ఇటూ ఉంటుంది, డెన్వర్ లాంటి ఎత్తు ఊళ్లో 1.2 దాకా పోతుంది. అంటే అక్కడ డ్రమ్ము కొలిచింది 58 అయితే షీటు మీద 70 కనిపిస్తుంది. ఇది మోసం కాదు, కానీ టూ-స్ట్రోక్‌కు వచ్చేసరికి ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ ఎత్తుకు తగ్గట్టు జెట్లు (కార్బురేటర్లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు) మార్చకపోతే ఇంజిన్ రిచ్‌గా (పెట్రోలు పాలు ఎక్కువై) నడిచి పవర్ పోగొట్టుకుంటుంది, ఫ్యాక్టర్ ఆ తగ్గిపోయిన పవర్‌నే హెచ్చవేస్తుంది తప్ప పోయినదాన్ని తిరిగి తేదు. నా వరకు ఫ్యాక్టర్ 1.10 దాటిన షీటును ఇంకో ఊరి షీటుతో పోల్చను. అదే డ్రమ్ము, అదే వారం, అదే ఊరు అయితే సరే.

ఇప్పుడు గేరు. ఏ గేరులో లాగారో రాయని షీటు నాకు సగం షీటు కిందే లెక్క. ఫోర్ స్ట్రోక్ వాళ్లు దీన్ని అంతగా పట్టించుకోకపోవచ్చు, మనకు మాత్రం ఇది ప్రాణం. మన ఇంజిన్‌కు పవర్ ఇచ్చేది పొగ బయటికి పోయే పైపు. సిలిండర్ నుంచి బయటికి పోయిన ఒత్తిడి అల పైపు కొసన తగిలి తిరిగి వచ్చి, బయటికి జారిపోతున్న తాజా పెట్రోలు-గాలిని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. ఆ అల ఎంత వేగంగా పోయి వస్తుందన్నది పైపులోని గ్యాస్ వేడి మీద ఆధారపడుతుంది. గ్యాస్ సగటున 400 డిగ్రీల నుంచి 500 డిగ్రీలకు పోతే ధ్వని వేగం సుమారు 7 శాతం పెరుగుతుంది, అంటే 9000 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర పనిచేసే పైపు 9600 దగ్గర పనిచేయడం మొదలుపెడుతుంది. అదే పైపు, అదే ఇంజిన్, గీత మాత్రం కుడికి జరిగిపోయింది! మూడో గేరులో లాగితే బరువు డ్రమ్ము కూడా రెండు మూడు సెకన్లలో తిరిగేస్తుంది, పైపు వేడెక్కేలోపే రన్ అయిపోతుంది. ఐదో గేరులో అదే రన్ ఎక్కువసేపు సాగుతుంది, పైపు వేడెక్కుతుంది, పీక్ (గీత శిఖరం) కుడికి పోతుంది. కాలిఫోర్నియాలో గ్లామిస్ ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు బండి మీద ఉండే బరువు ఇంకా ఎక్కువ, లాగుడు ఇంకా పొడవు. అందుకే బ్రేకు ఉన్న డైనో దొరికితే, అంటే డ్రమ్ముకు అడ్డుపడే బరువును మనం పెంచుకోగలిగేది దొరికితే, కాస్త డబ్బు ఎక్కువైనా నేను అక్కడికే పోతాను. దొరక్కపోతే రెండు బండ్లూ ఒకే గేరులో, చల్లబడిన తర్వాత ఒకటీ వేడి మీద రెండూ చొప్పున ఒకే వరసలో లాగించండి. మొదటి రన్‌ను లెక్కలోకి తీసుకోకండి.

క్లచ్ గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే దీనివల్ల నేను ఒక మంచి పైపు పోగొట్టుకున్నాను. నా బండికి పాత పైపులు తీసి కొత్తవి వేసి డ్రమ్ము ఎక్కించాను. 8500 దాకా కొత్తవి బాగానే లాగాయి, ఆ తర్వాత గీత బల్లపరుపుగా అయిపోయి చివర్లో పాతవాటికంటే నాలుగు హెచ్‌పీ కిందికి పడింది. ఈ పైపులు పైన ఊపిరాడనివ్వవు అనుకుని వారం తిరక్కుండా అమ్మేశాను. కొన్న కుర్రాడు ఫోన్ చేసి 'అన్నా, పైన భలే పోతోంది బండి' అంటే నమ్మలేదు. ఆర్నెల్ల తర్వాత ఆ పాత రన్ ఫైలును వేరే పని మీద తెరిచి, ఊరికే స్పీడు గీత కూడా పెట్టి చూశాను. 8500 దాటాక ఆర్పీఎం పెరుగుతోంది, డ్రమ్ము స్పీడు మాత్రం అంతే వేగంగా పెరగడం లేదు. క్లచ్ జారుతోంది! పెరిగిన పవర్‌ను పాత స్ప్రింగులు పట్టుకోలేకపోయాయి, ఆ పవరంతా ప్లేట్ల దగ్గర వేడి కింద పోయింది. పైపుల తప్పేం లేదు.

కాబట్టి ఏ షీటు అయినా ఆర్పీఎం మీద ఒకసారి, స్పీడు మీద ఒకసారి రెండూ ముద్రించి తీసుకోండి. గేరులో ఉన్న బండికి ఆర్పీఎంను స్పీడుతో భాగిస్తే కింది నుంచి పైదాకా ఒకే అంకె రావాలి. చివర్లో అది పెరిగిపోతుంటే క్లచ్చో, డ్రమ్ము మీద టైరో జారుతోంది, ఆ షీటుతో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. టూ-స్ట్రోక్ స్పార్కు నుంచి ఆర్పీఎం పట్టుకునే క్లిప్పు ఒక్కోసారి తప్పు చదువుతుంది. డ్రమ్ము పవర్‌ను తన వేగం నుంచే కడుతుంది కాబట్టి హెచ్‌పీ సరిగ్గానే ఉంటుంది, కానీ అది ఏ ఆర్పీఎం దగ్గర వచ్చిందన్నదీ, టార్క్ ఎంతన్నదీ రెండూ తప్పిపోతాయి. స్పీడు షీటు ఉంటే గేరు పళ్లు లెక్కబెట్టి అసలు ఆర్పీఎం మీరే తీయొచ్చు.

ఒక చిన్న తనిఖీ: పౌండ్-అడుగుల్లో టార్క్‌ను ఆర్పీఎంతో హెచ్చవేసి 5252తో భాగిస్తే హెచ్‌పీ రావాలి. 9500 దగ్గర 70 హెచ్‌పీ అంటే టార్క్ 38.7 ఉండాలి. రాకపోతే షీటులో ఎవరో చెయ్యి పెట్టారు, లేదా ఎడమ కొలబద్ద అంకెలను కుడి గీతకు చదువుతున్నారు. ఎక్కువసార్లు రెండోదే.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. ఇవి నేను పాఠం కోసం వేసుకున్న అంకెలు, ఎవరి బండివీ కావు. రెండూ 4 మిల్లీమీటర్ల స్ట్రోకర్ క్రాంకు వేసినవి, అంటే స్ట్రోక్ 58 అయి 373 సీసీ వచ్చినవి, ఒకే పెట్రోలు, ఒకే డ్రమ్ము, ఒకే గేరు. ఎర్ర బండికి దిబ్బల కోసం పోర్టింగ్ (సిలిండర్‌లోని గాలి, పొగ దారులను చెక్కి మార్చడం) చేసి మధ్యలో లాగే పైపులు పెట్టారు. నీలం బండికి డ్రాగ్ (తిన్నటి దారిలో పొట్టి వేగ పందెం) పోర్టింగ్, డ్రాగ్ పైపులు.

7000 దగ్గర ఎర్రది 49, నీలం 34
7500: 56, 42
8000: 61, 52
8500: 64, 62
9000: 63, 70
9500: 57, 74
10000: 46, 73
10500: నీలం 64, ఎర్రది అప్పటికే చేతులెత్తేసింది

పెద్ద అంకెలు చూస్తే 64 ఎదురుగా 74. పది హెచ్‌పీ తేడా, నీలమే గొప్ప అనిపిస్తుంది. కానీ బండి ఒక్క ఆర్పీఎం దగ్గర నిలబడి నడవదు కదా. గేరు మార్చినప్పుడు ఆర్పీఎం ఎక్కడికి పడుతుంది, అక్కడి నుంచి మళ్లీ గేరు మార్చేదాకా సగటున ఎంత పవర్ ఉంది, మనకు కావలసింది అది. గేరు మారితే ఆర్పీఎం 0.8 వంతుకు పడుతుంది అనుకుందాం (మీ బండికి అసలు అంకె కావాలంటే సర్వీసు మాన్యువల్లో రెండు గేర్ల నిష్పత్తులు తీసుకుని పై గేరును కింది గేరుతో భాగించండి). ఎర్రదాన్ని 9500 దగ్గర మారిస్తే 7600కి పడుతుంది, 7500 నుంచి 9500 దాకా ఉన్న ఐదు అంకెల సగటు 60.2. నీలాన్ని 10500 దగ్గర మారిస్తే 8400, అక్కడి నుంచి సగటు 68.6. నీలమే ముందుంది, తేడా మాత్రం పది కాదు, ఎనిమిది చిల్లర. 300 అడుగుల ఇసుక డ్రాగ్‌లో, గేరు తప్పకుండా వేసే చేతికి, నీలమే ఇస్తాను నేను.

అదే దిబ్బ మీదికి రండి. పాడిల్ టైర్లు (ఇసుకను తోసే తెడ్లు ఉన్నవి) ఇసుకలో దిగబడ్డాయి, ముందువాడు నెమ్మదించాడు, మీరూ యాక్సిలరేటర్ వదిలారు, ఆర్పీఎం 7000కి పడింది. ఎర్రదానికి అక్కడ 49 ఉంది, నీలానికి 34. పదిహేను హెచ్‌పీ తక్కువతో దిబ్బ మధ్యలో ఇరుక్కున్నవాడికి 9500 దగ్గర ఉన్న 74 కనబడదు, అక్కడిదాకా ఇంజిన్ ఎక్కితే కదా. క్లచ్ జార్చి పైకి లేపొచ్చు, ఒకసారి, రెండుసార్లు, ఆ తర్వాత ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. రోజంతా దిబ్బల్లో తిరిగేవాళ్లకు పీక్ తక్కువున్న ఎర్ర బండినే కళ్లు మూసుకుని చెబుతాను.

నీలం షీటు తెచ్చిన మనిషిని ఇంకో రెండు మాటలు అడగండి. ఏ పెట్రోలు? ఒకరిది బంకు పెట్రోలు, ఇంకొకరిది 110 ఆక్టేన్ రేసు ఫ్యూయల్ లేదా మిథనాల్ అయితే మీరు పోలుస్తున్నది ఇంజిన్లను కాదు, ఇంధనాలను. మిథనాల్ పెట్రోలుకంటే రెట్టింపు పైనే పోయాలి, అది ఆవిరవుతూ ఇంజిన్ను చల్లబరుస్తుంది, దాంతో కంప్రెషన్ పెంచుకోగలరు. ఇక జెట్లు ఎంత? లీన్‌గా (పెట్రోలు పాలు తగ్గించి) పెట్టిన బండి ఎనిమిది సెకన్ల రన్‌లో అందమైన అంకె ఇస్తుంది, అదే సెట్టింగుతో పొడవాటి దిబ్బ ఎక్కితే పిస్టన్ పట్టేస్తుంది. దిబ్బ మీద వాడే జెట్లతోనే రన్ తీశారా అని నేరుగా అడగండి, మొహమాటపడకండి.

చివరగా నేను ఎప్పుడూ వదలని పద్ధతి. రెండు పైపులు పోల్చాలంటే పాతవి మూడు రన్లు, కొత్తవి మూడు రన్లు, మళ్లీ పాతవి బిగించి రెండు రన్లు. చివరి రెండూ మొదటి మూడింటితో కలిస్తేనే మధ్యలోని తేడా పైపులది. కలవకపోతే ఈలోపు గాలి మారింది, ఇంజిన్ వేడెక్కింది, టైరు గాలి తగ్గింది, ఏదో ఒకటి జరిగింది. పాతవాటి మూడు రన్ల మధ్యే ఒకటిన్నర హెచ్‌పీ తేడా ఉంటే కొత్తవి ఒక్క హెచ్‌పీ ఇచ్చాయని చెప్పడానికి లేదు. డైనోకు గంట లెక్కన కట్టే డబ్బులు చూసి ఆ చివరి రెండు రన్లు మానేయబుద్ధి వేస్తుంది, నాకు తెలుసు. మానకండి.

ఇంటి పని: గేరు 0.8కి బదులు 0.75 వంతుకు పడితే పై రెండు బండ్ల సగటు ఎంతో కట్టండి. ఎర్రదాన్ని 7000 నుంచి 9500 దాకా, నీలాన్ని 8000 నుంచి 10500 దాకా తీసుకోండి. 58.3, 65.8 వస్తే సరిగ్గా చేసినట్టే. ఐదో పాఠంలో పైపు మీద వేడి కొలిచే ప్రోబు ఎక్కడ బిగించాలో చూద్దాం, అప్పటికి మీ షీట్లు స్పీడు గీతతో సహా తీసి పెట్టుకోండి.