ఎకరంన్నరలో మూడు పొలాలు

నేను తాపీమేస్త్రీని. పని విశాఖలో మధురవాడ వైపు అపార్టుమెంట్ల దగ్గర, పొలం ఆనందపురం మండలంలో కొండవాలున. ఏడేళ్ల కిందట నాకో పాడు బుద్ధి పుట్టింది. ఎగుడుదిగుడు చూస్తే ఊరుకోలేని చెయ్యి కదా, జేసీబీ పెట్టించి పై మూల గీకించి ఆ మట్టి కింద పోయించాను. పొలం గచ్చులా నున్నగా వచ్చింది. ఆ ఖరీఫ్‌లో పై మూల మొక్కజొన్న మోకాలెత్తు దాటలేదు. పక్క పొలం బాబాయి చూసి, "ఏట్రా, నేల తోలు వొలిచేసి యూరియా జల్లితే పండుతాదేటి?" అన్నాడు.

తోలంటే పైన జానెడు మట్టి. కుళ్లిన ఆకు, పేడ, వేర్ల సారం ఎక్కువగా ఉండేది అందులోనే. నేను రెండు రోజుల్లో చేసిన పనిని వాన ఏళ్ల తరబడి చేస్తుంది. సన్న మట్టిని కడిగి పల్లానికి చేరుస్తుంది. అందుకే మా ఎర్ర నేలల్లో మెరకన గ్రావెల్ తేలి తేమ తొందరగా ఆరిపోతుంది, గెడ్డ (వాగు) పక్కన బంకమట్టి పేరుకుని నీరు నిలుస్తుంది. వానలు తగ్గిన ఏడు పల్లం గెలుస్తుంది, తుఫాన్ల ఏడు మెరక గెలుస్తుంది. ఒక్క ఏడాది పంట చూసి ఏ మూలకీ పేరు పెట్టకండి.

ముందు తూకం. కోతకు ముందు పైన, మధ్యన, కింద ఒక్కో పక్క 5 మీటర్లుండే చదరం తాడుతో కట్టి, అందులో పంట విడిగా కోసి, గింజ ఆరబెట్టి తూచండి. దాన్ని 162తో గుణిస్తే ఎకరా లెక్క. నాకు పైన 4 కిలోలు, మధ్యన 15, కింద 10 వచ్చాయి. అంటే ఒకే గట్ల మధ్య ఆరున్నర క్వింటాళ్ల పొలం, 24 క్వింటాళ్ల పొలం, 16 క్వింటాళ్ల పొలం ఉన్నాయన్నమాట. మూడింటికీ ఒకే లెక్కన బస్తాలు జల్లుతూ వచ్చాను!

తర్వాత వాటం, అంటే నేల ఎటు ఎంత దిగుతోందో. మేస్త్రీల లెవెల్ పైపు చాలు. 30 మీటర్ల దూరంలో 60 సెంటీమీటర్లు దిగితే 2 శాతం వాలు.

ఇక మట్టి. ఇసకలో మన్ను ఎంతుందో మేం సీసాలో చూస్తాం, పొలానికీ అదే. గులకరాళ్లు ఏరేసి, మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు సబ్బు పొడి వేసి గట్టిగా కుదిపి కదపకుండా ఉంచండి. ఇసక నిమిషంలో, ఒండ్రు రెండు గంటల్లో అడుగుకు చేరతాయి. బంకమట్టికి ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మూడు చోట్ల మూడు సీసాలు పక్కపక్కన పెడితే తేడా కంటికే కనిపిస్తుంది.

ల్యాబ్‌కి పంపే నమూనాలు కూడా మూడు. అన్నీ కలిపి ఒక్కటే పంపి నేను మొదట్లో మోసపోయాను, మట్టి పరీక్ష కార్డులో "మధ్యస్థం" అని వచ్చింది. ఒక్కో భాగంలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు తవ్వి, పక్క గోడ నుంచి మట్టి తీసి కలపాలి. గట్ల పక్క, చెట్ల కింద, గత్తం (పేడ ఎరువు) కుప్పల దగ్గర తీయకండి. కలిపినదాంట్లోంచి అరకిలో చాలు.

విడిగా పంపాక పై మూలలో జింకు తక్కువని తేలింది. లేత ఆకుల మీద నడిమి ఈనెకు అటూ ఇటూ తెల్లచారలు అందుకేనట. దుక్కిలో ఎకరాకు 20 కిలోల లెక్కన జింక్ సల్ఫేట్ వేశాను, భాస్వరం ఎరువుతో కలపకుండా. గత్తమంతా ఇప్పుడు పైకే తోలుతున్నాను. అక్కడ యూరియా ఒకేసారి వేస్తే వానకు జారిపోతుంది, కొద్దికొద్దిగా వేస్తాను. మధ్య భాగాన్ని ముట్టుకోలేదు. పల్లంలో ఆకులు పసుపెక్కితే ఇదివరకు యూరియా జల్లేవాణ్ణి. ఇప్పుడు ముందు పార పట్టుకుని నీరు గెడ్డలోకి తీస్తాను, బోదెల మీద విత్తుతాను. లేత మొక్కజొన్న వేళ్లకు గాలి ఆడకపోతే ఎన్ని బస్తాలు వేసినా దండగే.

ఈ ఏడు పై మూలన పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము వేసి, పూతకు రాగానే కలియదున్నాను. తర్వాత చోడి (రాగి) నాటాను. దాని తూకం ఇంకా కాలేదు. తాడు మాత్రం కట్టి ఉంచాను.