పాత బొమ్మకి కొత్త మొహం వేయాలనుందా? అసిటోన్ మూత తీసే ముందు చేయాల్సిన పనులు

మా పిన్ని దగ్గర ఒక చీర బార్బీ ఉండేది, లియో అనే బొమ్మల కంపెనీ వాళ్ళు మన దేశంలోనే తయారుచేసిన రకం, 90ల్లో తాతయ్య కొనిపెట్టింది. మూడేళ్ళ కిందట అటక సర్దుతుంటే బయటపడింది, నీకు ఇలాంటివి పిచ్చి కదా తీసుకుపోవే అని ఇచ్చేసింది. తెచ్చి చూస్తే నుదుటి మీద ఎర్రగా ఏదో గట్టి మరక, బుగ్గ మీద నల్లగా ఇంకోటి. ఇయర్‌బడ్‌కి అసిటోన్, అదే నెయిల్ పాలిష్ తీసే ద్రవం, అద్ది తుడిచేశా, ఎర్రది పోయింది, దాంతోపాటు ఎడమ కనుబొమ్మ సగం కూడా పోయింది. ఎంత శుభ్రంగా వచ్చిందో చూడు అని పిన్నికి ఫోటో పంపితే చాలాసేపటికి "బొట్టు తీసేశావా" అని ఒక్క మెసేజ్ వచ్చింది. అది మరక కాదంట, తొమ్మిదేళ్ళప్పుడు తను నెయిల్ పాలిష్‌తో పెట్టిన బొట్టు, బుగ్గ మీదది కాటుకతో పెట్టిన దిష్టిచుక్క.

ఆ తర్వాత నుంచి నేను ఏ బొమ్మ చేతిలోకి తీసుకున్నా ఒక వరసలో వెళ్తున్నా, అది రాస్తున్నా. రీపెయింట్ చేయొద్దని చెప్పడానికి కాదు, నేనే ఇప్పటికి పాతిక దాకా చేశా.

1. ముందు బొమ్మ ఏదో కనుక్కోండి

వీపు మీదో తల వెనకో ఉన్న ముద్ర చూడండి, కానీ అక్కడున్న సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మకండి. బార్బీ వీపు మీద 1966 అని ఉంటే అది ఆ బాడీ డిజైన్‌కి తీసుకున్న కాపీరైట్ సంవత్సరం, బొమ్మ తయారైన సంవత్సరం కాదు, ఆ ముద్రతోనే 90ల దాకా బొమ్మలు వచ్చాయి. 1966 నాటి అరుదైన బార్బీ అని వేలకి వేలు చెప్పేవాళ్ళలో సగం మంది మోసగాళ్ళు కాదు, నిజంగానే తెలీదు వాళ్ళకి.

ఎందుకు కనుక్కోవాలంటే, బ్లైత్ అనే బొమ్మ సంగతి చూడండి. పెద్ద తల, వెనక తాడు లాగితే నాలుగు రంగుల్లో మారే కళ్ళు. అమెరికాలో కెన్నర్ కంపెనీ 1972లో ఒక్క ఏడాది అమ్మి, అమ్ముడుపోవడం లేదని ఆపేసింది. తర్వాత గినా గరాన్ అనే ఆవిడ తీసిన ఫోటోల వల్ల మళ్ళీ పేరొచ్చి, 2001 నుంచి జపాన్‌లో టకారా కంపెనీ కొత్తవి చేయడం మొదలెట్టింది. ఇప్పుడు మీకు బ్లైత్ ముక్కు చెక్కాలని, పెదాలు లోతు చేయాలని ఉంటే ఫ్యాక్టరీ నుంచి ఇంకా వస్తున్న కొత్తదాని మీద చెక్కుకోండి, ఎవరికీ నష్టం లేదు. 1972ది అలా కాదు, ఎన్ని మిగిలాయో అన్నే, చెక్కిన ప్రతిసారీ లోకంలో ఒకటి తగ్గిపోతుంది. అరుదైంది కూడా జుట్టంతా ఊడిపోయి, పుర్రె పగిలి, కళ్ళు బిగుసుకుపోయి ఉంటే అప్పుడు లెక్క వేరు. దానికి మళ్ళీ జుట్టు కుట్టడాన్ని నేను తప్పు అనను, రిపేరు అంటాను.

రెండో చివర పారేసిన బొమ్మలుంటాయి. ఆస్ట్రేలియాలో టాస్మేనియాలో సోనియా సింగ్ అనే ఆవిడ పాత సామాన్ల షాపుల్లో దొరికిన బ్రాట్జ్ బొమ్మల మేకప్ చెరిపేసి మామూలు చిన్నపిల్లల మొహాలు వేసింది, వాళ్ళమ్మ స్వెటర్లు అల్లిచ్చింది, 2015లో ప్రపంచమంతా చూసింది. చెత్తలోకి పోయేదాన్ని ఇంకో ఇంటికి పంపితే దానికి అభ్యంతరం ఏముంటుంది? అయినా అప్పట్లో కొందరు అన్నారు, మేకప్ ఉన్న బొమ్మ చెడ్డది, లేనిది మంచిది అనే తీర్పు అందులో ఉంది కదా అని. నాకు ఆ మాట కొంచెం నిజమే అనిపిస్తుంది. లిప్‌స్టిక్ వేసుకున్నంత మాత్రాన బొమ్మని బాగుచేయాల్సిన అవసరం రాదు. మీరు మారుస్తున్నది మీ ఇష్టం కోసం అయితే ఇష్టం కోసం అనే చెప్పుకోండి, ఉద్ధరణ అని పేరు పెట్టకండి.

2. ఎవరిదో అడగండి, మీ చేతిలో ఉన్నా సరే

నేను తప్పింది ఇక్కడే. పిన్ని ఇచ్చేసింది, చట్టప్రకారం నాదే, కానీ ఆ బొట్టు గురించి ఒక్క మాట అడగడానికి ఫోన్ చేస్తే ఏం పోయేది. ఇంట్లోవాళ్ళ బొమ్మ అయితే "ఈ మచ్చ ఏంటి, ఈ చీర ఎవరు కుట్టారు" అని అడగండి, జవాబు వచ్చాక కూడా చెరపాలనిపిస్తే అప్పుడు చెరపండి.

కొలువు బొమ్మలకీ ఇదే. సంక్రాంతికో దసరాకో దించినప్పుడు రంగు పోయిన మట్టి బొమ్మలకి మళ్ళీ రంగు వేయడం చాలా ఇళ్ళల్లో అలవాటే, అది ఆ బొమ్మని చూసుకునే పద్ధతి, దాన్ని పాడుచేయడం అనను. కానీ అమ్మమ్మ కాలం నాటి కొండపల్లి దశావతారాల మీద హార్డ్‌వేర్ షాపులో తెచ్చిన ఎనామిల్ పెయింట్ పూస్తే వేరే కథ. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, చేత్తో దిద్దిన పని అది, ఎనామిల్ కింద ఆ గీతలు శాశ్వతంగా పోతాయి. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయండి, నీళ్ళలో ముంచొద్దు. మరీ కొత్తగా కావాలంటే కొండపల్లిలో కొత్త సెట్టు కొనండి, చేసేవాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి. అసలు మనవాళ్ళు ఎప్పుడో దారి చూపించారు, తిరుపతి రక్తచందనం రాజా రాణి బొమ్మలకి ఏం చేస్తారు? పట్టుముక్క చుట్టి పూసలు కట్టి కిరీటం పెడతారు, పండగయ్యాక తీసేస్తారు, చెక్కకి గీత కూడా పడదు.

ఇంకొకరు కస్టమ్ చేసి సంతకం పెట్టిన బొమ్మ అయితే చెరిపే ముందు వాళ్ళకి ఒక మెసేజ్ పెట్టండి. డబ్బులిచ్చి కొన్నాక ఏమైనా చేసుకుంటా అంటారు గానీ, ఆ మాట మన కోర్టుల్లో కూడా అంత సాఫీగా చెల్లలేదు. విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకేసి పాడుచేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షల పరిహారం ఇవ్వమని, మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగిచ్చేయమని చెప్పింది. బొమ్మ మొహం కుడ్యశిల్పమంత పెద్దది కాదు, ఒప్పుకుంటా, కానీ వేసినవాళ్ళకి రెండు రాత్రుల పని.

3. ఫోటోలు తీయండి, ముక్కలు దాయండి

ముందు, వెనక, మొహం దగ్గరగా, ముద్ర, బట్టల లోపలి కుట్లు. తీసేసిన జుట్టు, కళ్ళు, చెవిపోగులు, అన్నీ ఒక జిప్ కవర్లో వేసి బొమ్మ పేరు, తేదీ రాయండి. బోరుకొట్టే పనే, పది నిమిషాలు పడుతుంది. పాత బార్బీల చెవుల్లో లోహపు పోగులుంటే మాత్రం విడిగా పెట్టండి, ఆ రాగి తుప్పుతోనే చెవుల చుట్టూ పచ్చగా అవుతుంది.

4. వెనక్కి తీసుకోగలిగే పని ముందు చేయండి

మ్యూజియంలో బొమ్మలు బాగుచేసేవాళ్ళు పాటించే పద్ధతి ఇది, రేపు ఇంకొకరు తీసేయాలంటే తీసేయగలగాలి. అందుకని పనుల్ని మనసులో వరస పెట్టుకోండి. బట్టలు, విగ్గు, చెప్పులు మార్చడం, దీంట్లో నష్టమే లేదు, ముందు అక్కడితో మీ సరదా తీరుతుందేమో చూడండి. తర్వాత ఉన్న రంగు మీదే సీలర్ స్ప్రే, అంటే రంగుని కాపాడే పారదర్శకమైన పూత, కొట్టి, దాని మీద సాఫ్ట్ పాస్టెల్ పొడి, వాటర్‌కలర్ పెన్సిళ్ళతో దిద్దడం, పలచగా వేసి మళ్ళీ సీలర్, మళ్ళీ ఇంకో పొర. ఇలా వేసింది నచ్చకపోతే జాగ్రత్తగా తీయొచ్చు. ఫ్యాక్టరీ రంగు చెరపడం ఆ తర్వాతి మెట్టు, ఇక్కడినుంచి తిరిగి రాలేం. అన్నిటికంటే చివర చెక్కడం, సాండ్‌పేపర్ కొట్టడం, రంగునీళ్ళలో ఉడకబెట్టి ఒళ్ళంతా రంగు మార్చడం.

చెరపాలని గట్టిగా నిర్ణయించుకుంటే ప్లాస్టిక్ ఏదో చూసుకోండి. బార్బీ తల మెత్తటి వినైల్, అసిటోన్‌కి తట్టుకుంటుంది, కానీ అదే చుక్క గట్టి ప్లాస్టిక్ ఒంటి మీద పడితే కరిగి జిగురైపోతుంది. బ్లైత్ మొహం ఆ గట్టి ప్లాస్టికే, దాని దగ్గరికి అసిటోన్ సీసా కూడా రానివ్వకండి. రెసిన్ అనే గట్టి పదార్థంతో పోసిన, కీళ్ళు బంతుల్లా తిరిగే బాల్ జాయింట్ బొమ్మలకీ వద్దు. మరకలకి మొటిమల క్రీమ్ రాసి ఎండలో పెట్టే చిట్కా ఒకటుంది, బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్నది, నిజంగానే పనిచేస్తుంది, ఒకరోజు ఎక్కువ ఉంచితే మరక ఉన్నచోట తెల్లమచ్చ కూడా మిగులుతుంది.

అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి వంటింట్లో, దీపం వెలిగే దేవుడి గది పక్కన ఈ పని పెట్టుకోకండి. సీలర్ స్ప్రేకి కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు, ఆవిర్లని పట్టే ఫిల్టర్ డబ్బాలున్న మాస్కే కావాలి, బాల్కనీలో కొట్టాలి, పక్కింటివాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయేమో చూసుకోవాలి. విజయవాడ, వైజాగ్‌ల్లో ఉక్కపోసే రోజున కొడితే తెల్లగా పొగమంచులా పట్టేస్తుంది, పొడిగా ఉన్న రోజు దాకా ఆగండి. రెసిన్‌ని అరగదీసేటప్పుడు తడిపి అరగదీయండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఇలా చేసిన బొమ్మని ఏడాది పాపకి ఆడుకోమని ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటుంది.

ఒంటిరంగు గురించి అడుగుతుంటారు. తెల్లబొమ్మని చామనఛాయ చేస్తే తప్పా అని. నా వరకు, ఆ రంగు బొమ్మ మార్కెట్లో ఉంటే అదే కొనండి, పైపైన పూసిన రంగు కీళ్ళ దగ్గర గీరుకుపోయి ఎలాగూ అసహ్యంగా ఉంటుంది. నల్లటి బొమ్మని కొని తెల్లగా చేసేవాళ్ళని చూశాను, మన పెళ్ళిచూపుల జబ్బు బొమ్మల దాకా ఎందుకండీ.

5. కాపీ కొట్టేముందు

ఇంకొకరి ఫేసప్, అంటే బొమ్మకి వేసిన మొహం, ఫోటో పక్కన పెట్టుకుని నేర్చుకోవడానికి వేయండి, అమ్మకానికి వేయకండి. రీకాస్ట్‌లు, అంటే అచ్చు తీసి చేసిన నకిలీ బొమ్మలు, కొనకండి. జపాన్‌లో వోక్స్ కంపెనీ 1999లో సూపర్ డాల్ఫీ అనే బాల్ జాయింట్ బొమ్మ మొదలెట్టినప్పటి నుంచి ఈ రెసిన్ బొమ్మలు చేసేవి చాలావరకు చిన్న స్టూడియోలు, వాళ్ళ బొమ్మ ఒకటి కొని అచ్చు తీసి సగం ధరకి అమ్మితే అది వాళ్ళ బువ్వ మీద దెబ్బే. ఖరీదు ఎక్కువ అనే బాధ నాకూ తెలుసు, నేను రెండేళ్ళు చిట్టీ వేసి ఒకటి కొన్నా.

6. అమ్మితే అంతా చెప్పి అమ్మండి

మనుషులు ఎక్కువగా జారేది ఇక్కడే. ఏం చెరిపారు, ఏ సీలర్ కొట్టారు, జుట్టు కుట్టిందా అతికిందా, శరీరం తల ఒకే బొమ్మవా కాదా, అన్నీ రాయండి, పాత ఫోటోలు పెట్టండి. తల వెనక చిన్న అక్షరాల్లో మీ పేరు, సంవత్సరం వేయండి, పదేళ్ళ తర్వాత ఎవరి చేతిలోనో ఇది ఫ్యాక్టరీ అరుదైన రకం అని చెలామణి కాకుండా. రిపేరు చేసినదాన్ని ఒరిజినల్ అని అమ్మడం మోసమే, ఎంత అందంగా చేసినా.

కంపెనీ కేసు వేస్తుందేమో అని భయపడేవాళ్ళకి: అమెరికాలో టామ్ ఫోర్సైత్ అనే ఫోటోగ్రాఫర్ బార్బీల్ని మిక్సీల్లో పెట్టి ఫోటోలు తీస్తే బార్బీ కంపెనీ మాటెల్ కోర్టుకెళ్ళి 2003లో ఓడింది, పైగా ఆయన లాయర్ ఖర్చులు 18 లక్షల డాలర్ల పైనే కట్టమన్నారు. కానీ మనం ఉన్నది ఇక్కడ. మన 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 30వ సెక్షన్లో, కొన్న సరుకు తిరిగి అమ్ముకోవచ్చని ఉంది, దాని పక్కనే, సరుకు స్థితి మార్చినా పాడైనా బ్రాండ్ వాళ్ళు అభ్యంతరం పెట్టొచ్చని కూడా ఉంది. అందుకే లిస్టింగ్‌లో "నేను మార్చిన బార్బీ, కంపెనీకి సంబంధం లేదు" అని పైనే కనిపించేలా రాయండి, ఆ డబ్బాలోనే పెట్టి కొత్తదానిలా అమ్మకండి.

పిన్ని బొమ్మ సంగతి చెప్పలేదు కదా. సీలర్ కొట్టి, పాత ఫోటోలో చూసి కనుబొమ్మ పెన్సిల్‌తో దిద్దా, బుగ్గ మీద బూడిదరంగు నీడలా మిగిలిన దిష్టిచుక్కని ముట్టుకోలేదు, బొట్టు మాత్రం నేను పెట్టకుండా బొమ్మని పట్టుకుని వాళ్ళింటికెళ్ళా. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికెళ్ళి నెయిల్ పాలిష్ తెచ్చింది. అది కాదు పిన్నీ, నీళ్ళతో పోయే రంగు తెచ్చా, దాంతో పెడితే రేపు తీయాలన్నా, అని నేను చెబుతూనే ఉన్నా, "ఎందుకు తీయడం" అంటూ పెట్టేసింది, కొంచెం పక్కకి పోయింది కూడా.