రీఫ్ ట్యాంక్ చూస్తేనే విసుగొస్తోందా? లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, అంటే రీఫ్ ట్యాంక్ మీద విసుగు పుట్టగానే ఇష్టం పోయిందని తేల్చేసుకోకండి. చాలాసార్లు ఇష్టం అలాగే ఉంటుంది, ట్యాంక్ అడిగే పని మాత్రం మనకున్న తీరికను దాటిపోయి ఉంటుంది. ముందు పని తగ్గించి చూడండి. తీసేయాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.

లక్షణం: ట్యాంక్ వైపు చూస్తే చేయని పనులే కనిపిస్తాయి

అన్ని పనులూ ఒకే అర్జెంటుగా అనిపించడమే దీనికి కారణం. నిజానికి రోజూ తప్పనివి నాలుగు: ఉష్ణోగ్రత, నీటి కదలిక, చేపలకు మేత, ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓడీఐ నీళ్లు (లవణాలన్నీ వడకట్టిన శుద్ధ నీరు) కలపడం. నీరు ఆవిరైనా ఉప్పు లోపలే ఉండిపోతుంది కాబట్టి చివరిది మానేస్తే సాలినిటీ (నీటిలో ఉప్పు శాతం) పెరుగుతూ పోతుంది. డబ్బు పెట్టదలిస్తే ముందు ఆటో టాప్-ఆఫ్ (ఆవిరైన మేర నీళ్లు దానంతటదే నింపే పరికరం) మీద పెట్టండి. దాని నీళ్ల డబ్బా మాత్రం చిన్నదే ఉండాలి. సెన్సర్ పాడై అందులోని నీళ్లన్నీ ఒకేసారి ట్యాంక్‌లో పడ్డా సాలినిటీ ప్రమాదకరంగా పడిపోకూడదు. అద్దం మీద పలచటి పాచి పగడాలకు హాని చేయదు. ఎదురుగా ఉన్న అద్దం ఒక్కటి తుడిచి, మిగతావి నత్తలకు వదిలేయండి.

లక్షణం: టెస్ట్ కిట్ చేతిలోంచి దిగదు, నీటిలో కలిపే ఖనిజాల డోసు ఏ రోజూ ఒకేలా ఉండదు

ఇది అంకెల వెంట పరుగు. ఆల్కలినిటీ (పగడాలు అస్థిపంజరానికి వాడుకునే కార్బొనేట్ల కొలత, డీకేహెచ్‌లలో చెప్తారు) 8 ఉంటే 9 కావాలనిపిస్తుంది. పగడాలకు కావలసింది నిలకడ. 7 నుంచి 11 డీకేహెచ్ మధ్య ఒకచోట స్థిరంగా ఉంటే చాలు. అది రోజుకోలా మారితే ముందు దెబ్బతినేవి అక్రొపోరా లాంటి సున్నితమైన పగడాలే.

డోసింగ్ కుదురుకున్నాక వారానికోసారి, ఒకే వేళకు ఆల్కలినిటీ చూడండి. పగడం అస్థిపంజరం కట్టుకుంటూ 1 డీకేహెచ్ వాడుకుంటే కాల్షియం సుమారు 7 పీపీఎం (పది లక్షల్లో 7 వంతులు) తగ్గుతుంది. ట్యాంక్‌లో కాల్షియం 420 పీపీఎం ఉందనుకుంటే అందులో 7 అంటే ఇంట్లో వాడే కిట్‌కు అందీ అందని తేడా. అందుకే కాల్షియం, మెగ్నీషియం అప్పుడప్పుడు చూసుకుంటే సరిపోతుంది. అంకె వింతగా వస్తే డోసు ముట్టుకోకుండా మళ్లీ పరీక్షించండి. సరిదిద్దాల్సి వచ్చినా రోజుకు 1 డీకేహెచ్ దాటకండి.

లక్షణం: బుడగలు పట్టిన గోధుమరంగు జిగురు. తుడిచిన మర్నాడే మళ్లీ వస్తుంది

మనిషిని బాగా కుంగదీసేది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఎంత శుభ్రం చేస్తే అంత పెరుగుతున్నట్టు ఉంటుంది. ఇవి చాలావరకు డైనోఫ్లాజెల్లేట్‌లు అనే ఏకకణ జీవులు. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో తరచుగా చెలరేగుతాయి. అలాంటప్పుడు నీళ్లు మార్చడం ఆపండి, ఫాస్ఫేట్ రిమూవర్ తీసేయండి, మేత పెంచండి. నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.1 పీపీఎం దరిదాపుల్లో నిలిపితే పోటీపడే ఇతర సూక్ష్మజీవులకు బతుకు దొరుకుతుంది. మైక్రోస్కోప్‌లో చూసి రకం తెలుసుకుంటే ఇంకా మంచిది: ఆస్ట్రియోప్సిస్ అనే రకం రాత్రిళ్లు నీటిలోకి తేలుతుంది కాబట్టి దానిపై యూవీ దీపం పనిచేస్తుంది, ఇసుకలోనే ఉండే యాంఫిడీనియంపై అంతగా పనిచేయదు. తగ్గడానికి వారాలు పడుతుంది. రాత్రిళ్లు కూర్చుని తోమడం మానేయండి.

లక్షణం: కొత్త పగడం తెచ్చిన రెండు రోజులే ఉత్సాహం

కొనడం ఆపండి. అక్రొపోరా లాంటి గారాబం పగడాలను చూసుకోగలిగినవాళ్లకు ఇచ్చేసి లెదర్, మష్రూమ్ లాంటి గట్టి ప్రాణమున్న పగడాల రకాలతో ట్యాంక్ నడపండి. వాటికి చిన్న చిన్న హెచ్చుతగ్గులు లెక్క కాదు.

లక్షణం: ఇవన్నీ చేసినా మనసు రావడం లేదు

తీసేయండి, అందులో తప్పు లేదు. కానీ పద్ధతిగా తీయండి. జీవులను ముందు ఇంకో ట్యాంక్‌కు పంపండి. సముద్రంలో మాత్రం వదలొద్దు: అట్లాంటిక్‌లో లయన్‌ఫిష్ వ్యాపించడానికి మూలం అక్వేరియంల నుంచి వదిలిన చేపలేనని భావిస్తున్నారు. లోతైన పాత ఇసుకను చేపలున్నప్పుడు కదిలిస్తే విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికి రావచ్చు. జోయాంథిడ్‌లు, పాలిథోవాలు (గుత్తులుగా పెరిగే, పగడాలకు దగ్గరి జీవులు) పట్టిన రాళ్లను ఉడికించొద్దు, గీకొద్దు. వాటిలో కొన్నింటిలో ఉండే పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ రాళ్లను తాకకండి.