పొలం అడుగున నీటి మార్పును సీస్మిక్ సర్వేతో గమనించే పద్ధతి

అనంతపురం ప్రాంతంలో భూగర్భజలం ఎక్కువగా గ్రానైటు, నైసు రాళ్లు శిథిలమై ఏర్పడిన పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ ఉంటుంది. సమ్మెటతో నేలను కొట్టి, ఆ కంపనం ఎంత దూరానికి ఎంతసేపట్లో చేరిందో కొలిచే సర్వేను ఒక్కసారి చేస్తే ఈ నీటి సంగతి తేలదు; సెకనుకు 1500 మీటర్ల వేగం నీరు నిండిన మెత్తని పొరకూ ఉండవచ్చు, పొడిగా ఉన్న కాస్త గట్టి రాతికీ ఉండవచ్చు. జియోఫోన్లు, అంటే నేల కంపనాన్ని పట్టే చిన్న పరికరాలు, గుచ్చిన అదే వరుసలో మే నెలలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక మరొకసారి కొలిస్తే, ఆ కొద్ది నెలల్లో రాయి మారదు కాబట్టి తేడాను నీటికి ఆపాదించవచ్చు. ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ గ్యాసు క్షేత్రంలో 1996 నుంచి భూగర్భంలోకి పంపిన కార్బన్ డయాక్సైడ్ వ్యాప్తిని 1994 నాటి సర్వేతో పోల్చి గమనించింది కూడా ఈ సూత్రంతోనే.

దున్నితే పైపొర వేగం మారిపోతుంది కనుక వేరుశనగ చేను మధ్యన కాక, గట్టు వెంటనో బీడులోనో వరుస వేయాలి. 24 జియోఫోన్లను మూడేసి మీటర్ల ఎడంలో గుచ్చి, మళ్లీ అక్కడే గుచ్చేందుకు ప్రతి చోటా గుర్తుగా సిమెంటు రాయి పాతాలి. మేము మొదటిసారి కొయ్య మేకులతో సరిపెట్టుకున్నాము. వానలు పోయాక వెళ్లి చూస్తే సగం లేవు. ఇంత వరుసతో సుమారు 15 మీటర్ల లోతే నమ్మకంగా తెలుస్తుంది, లోతు బోర్ల పగుళ్లు దీనికి అందవు.

చుట్టుపక్కల మోటార్లు ఆగిన వేళ, గాలి లేనప్పుడు, అదే సమ్మెటతో, అదే ఇనుప పలకపై, చోటుకు పది దెబ్బల చొప్పున కొట్టి రికార్డులను కలపాలి. దగ్గరి బావిలో నీటిమట్టాన్ని టేపుతో కొలిచి రాసుకోవాలి. ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది: జియోఫోన్లన్నీ పీకి, అదే రోజు మళ్లీ గుచ్చి మొత్తం సర్వే తిరిగి చేయాలి. ఆ రెండింటి మధ్య ఒక మిల్లీసెకను తేడా వస్తే, రుతువుల మధ్య కనిపించే అంతటి తేడాకు విలువ లేదు.

పది మీటర్ల మందంగల పొరలో వేగం 600 నుంచి 1500 మీటర్లకు పెరిగితే, నిలువుగా సాగే తరంగానికి పట్టే కాలం సుమారు 16.7 నుంచి 6.7 మిల్లీసెకన్లకు పడిపోతుంది. అయితే రంధ్రాలలో కొద్దిపాటి గాలి మిగిలినా పి తరంగం (నేలను నొక్కుతూ, వదులుతూ ముందుకు సాగే తరంగం) వేగం పెద్దగా పెరగదు. నేల తడిసినంత మాత్రాన ఈ తేడా రాదు, పొర నిండాలి. పక్కకు జరిపే బలాన్ని ద్రవం ఎదిరించలేదు కాబట్టి, నేలను అడ్డంగా ఊపుతూ సాగే ఎస్ తరంగం వేగం దాదాపు మారదు. రెండూ ఒకే మేరకు మారినట్లు కనిపిస్తే, నీటిని లెక్కగట్టే ముందు జియోఫోన్లు నేలను గట్టిగా పట్టుకున్నాయో లేదో చూడాలి.