ఇంటి దగ్గరే ఓడ పని – 4వ పాఠం: బోసన్

పోయిన పాఠంలో ఓడ ముందు భాగం బౌ అని, వెనక భాగం స్టెర్న్ అని చదివాం. ముందుకు చూసి నిలబడితే ఎడమ పోర్ట్, కుడి స్టార్‌బోర్డ్. రాత్రిపూట పోర్ట్ వైపు ఎర్ర దీపం, స్టార్‌బోర్డ్ వైపు పచ్చ దీపం. ఇవి తడుముకోకుండా చెప్పగలిగితేనే ఈ పాఠం మొదలుపెట్టండి.

డెక్ మీద పనిచేసేవాళ్లకు పెద్ద బోసన్. కెప్టెన్ తర్వాతి అధికారి అయిన చీఫ్ ఆఫీసర్ పొద్దున పని చెబితే, ఎవరు ఏం చేయాలో పంచి, దగ్గరుండి చేయించేది ఇతనే. తుప్పు గీకడం, రంగు వేయడం, తాళ్లు, లంగరు అన్నీ ఇతని కిందికే వస్తాయి. మన నావికులు సరంగు అనేదీ ఇతన్నే. లాంచీల్లో సరంగు అంటే నడిపేవాడు, ఓడలో అలా కాదు. జీపీ రేటింగ్‌గా, అంటే కింది స్థాయి నావికుడిగా చేరి, ఏబుల్ సీమన్, అంటే అనుభవమున్న నావికుడు అయ్యి, ఏళ్లు పనిచేస్తేగాని ఈ హోదా రాదు.

అసలు టెన్షన్ ఓడను రేవుకు కట్టేటప్పుడే. ముందు హీవింగ్ లైన్ అనే సన్నతాడు విసురుతారు. గట్టు మీదివాళ్లు దాన్ని లాగితే వెనకే లావుతాడు వస్తుంది. దాని కంటిని, అంటే కొసన ఉన్న ఉచ్చును, గట్టు మీద బొల్లార్డ్ అనే పొట్టి గుంజకు తగిలిస్తారు. ఇక విన్చ్ అనే తాడు చుట్టే యంత్రం బిగిస్తుంది. బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, ప్రాణాలే పోతాయి. ఆ దెబ్బ తగిలే చోటును స్నాప్‌బ్యాక్ జోన్ అంటారు. అందుకే మంచి బోసన్ తాడు కన్నా ముందు తన మనుషుల కాళ్లు ఎక్కడున్నాయో చూస్తాడు. తాడు చుట్టల మధ్య ఎవరి కాలూ ఉండనివ్వడు. నా దృష్టిలో ఇతని పనుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది.

ఇక సాధన. రెండు మీటర్ల తాడు, మంచం కోడు చాలు. ముడి పేరు బౌలైన్. కొసను కొంచెం పొడుగ్గా వదిలి, తాడులో చిన్న ఉంగరం చుట్టండి, కొస వైపు తాడు పైన ఉండాలి. కొసను కోడు చుట్టూ తిప్పి, ఉంగరంలోకి కింది నుంచి పైకి తీయండి. బరువు పడే తాడు, అంటే కొస కాని పొడుగు వైపు తాడు, వెనక నుంచి తిప్పి, మళ్లీ అదే ఉంగరంలోకి దించి బిగించండి. ఎంత లాగినా కోడు చుట్టూ ఉన్న ఉచ్చు బిగుసుకుపోకూడదు. బిగుసుకుపోతే ముడి తప్పు, విప్పి మళ్లీ వేయండి.

నల్లగొండ, పాలమూరు వైపు సముద్రం లేదని దిగులు వద్దు. సాగర్‌కో సోమశిలకో వెళ్లినప్పుడు లాంచీ కట్టడం దూరం నుంచి గమనించండి. ఏ తాడు ముందు వేశారు, మనుషులు ఎక్కడ నిలబడ్డారు, రాసుకోండి.

వచ్చే పాఠం లంగరు గొలుసు. దాని పొడవును షాకిల్స్‌లో చెబుతారు, ఒక షాకిల్ 27.5 మీటర్లు. ఈ అంకె కంఠస్థం చేసి రండి.