థాంక్యూ అన్నవాళ్ళకు ఇంగ్లీషులో ఏమని బదులివ్వాలి?

ఎవరైనా థాంక్యూ అనగానే మనలో చాలామందికి నోటికొచ్చేది ‘మెన్షన్ నాట్’. మన దేశంలో అది చెల్లిపోతుంది కానీ అమెరికా, బ్రిటన్ వాళ్ళకు వింతగా ఉంటుంది. వాళ్ళు అనేది ‘డోంట్ మెన్షన్ ఇట్’. అది కూడా ఇప్పుడు కాస్త పాతబడింది.

ఎక్కడైనా, ఎవరితోనైనా పనికొచ్చేది ‘యూ ఆర్ వెల్‌కమ్’. రాసేటప్పుడు ఒట్టి ‘వెల్‌కమ్’ అని వదిలేయకండి, గుమ్మంలోకి వచ్చినవాళ్ళకు స్వాగతం చెప్పినట్టవుతుంది. క్లయింటుకు మెయిల్ పెడుతుంటే ‘హ్యాపీ టు హెల్ప్’ బాగుంటుంది, అందులో మర్యాదా ఉంది, చనువూ ఉంది.

స్నేహితులతో, టీమ్‌లో వాళ్ళతో ‘నో ప్రాబ్లమ్’, ‘ఎనీటైమ్’ హాయిగా అనేయొచ్చు. ఆస్ట్రేలియాలో అయితే ‘నో వరీస్’ అందరి నోటా వినిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: పెద్ద వయసు కస్టమర్లలో కొందరికి ‘నో ప్రాబ్లమ్’ నచ్చదు. నా పని నీకు ఇబ్బంది అనిపించిందా అన్నట్టు తీసుకుంటారు. వాళ్ళతో ‘మై ప్లెజర్’ అనడమే మంచిదని నా అభిప్రాయం.

అమెరికాలో షాపువాళ్ళు ‘షూర్’ అనో ‘యూ బెట్’ అనో ఊరుకుంటే నిర్లక్ష్యం అనుకోకండి, అక్కడ అది మామూలే.

ఇంటర్వ్యూ అయ్యాక వాళ్ళే ముందు థాంక్యూ అంటే ‘యూ ఆర్ వెల్‌కమ్’ అనకండి. ‘యూ’ని కాస్త ఒత్తి పలుకుతూ ‘థాంక్ యూ ఫర్ యువర్ టైమ్’ అనండి.